సామాను లారీ ఎక్కకముందే రసీదు ఇంటివాళ్ల చేతికి రావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రవాణా శాఖ అధికారులకు, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వారికి,

నమస్కారం.

మా ఇంట్లో టేకు ఉయ్యాల బల్ల ఉంది. దానికి నాలుగు ఇత్తడి గొలుసులు. మా అత్తగారి పెళ్లినాటివి. ఒక్కో గొలుసులో రెండు చిలకలు, వాటి మధ్య ఒక ఏనుగు. ఇప్పుడు మూడు గొలుసులే ఉన్నాయి. బల్ల ఢిల్లీలోని అద్దె ఇంట్లో గోడకు ఆనించి ఉంది. నాలుగో గొలుసు హైదరాబాదుకూ ఢిల్లీకీ మధ్య ఏ గోదాములో ఉండిపోయిందో తెలియదు. దాన్ని వెతికిపెట్టమని మీకు రాయడం లేదు. ఆ గొలుసు లారీ ఎక్కిందని చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. అలాంటి కాగితం ఇచ్చి తీరాలని చట్టం ఉంది, ఆ చట్టాన్ని అమలు చేసే అధికారం మీ చేతిలో ఉంది. అందుకే రాస్తున్నాను.

మా వారి ఉద్యోగం బదిలీలది. ఇరవై రెండేళ్లలో విశాఖపట్నం, హైదరాబాదు, భోపాల్, మళ్లీ హైదరాబాదు, ఇప్పుడు ఢిల్లీ. మొదట్లో మేమే పాత చీరలు, దుప్పట్లు, గోనెసంచులు పోగుచేసి సర్దుకునేవాళ్లం. లారీ తెలిసినవాళ్లది, డ్రైవరు తెలిసినవాడు. ఇప్పుడు ఇంట్లో వస్తువులు పెరిగాయి, మాకు వయసూ పెరిగింది. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, అద్దాల బీరువా, టీవీ, పిల్లల పుస్తకాలు రాష్ట్రాలు దాటించాలంటే ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లను పిలవక తప్పదు. ఆ వృత్తి మీద నాకు చిన్నచూపు లేదు. భోపాల్ నుంచి వచ్చినప్పుడు మా సామాను ఒక్క గ్లాసు కూడా పగలకుండా దింపింది ఇలాంటి సంస్థే.

ఈసారి మే నెలాఖరున బయలుదేరాల్సి వచ్చింది. బడి సెలవులు, బదిలీ ఉత్తర్వులు, ఆషాఢం రాకముందే పాలు పొంగించాలనుకునే కుటుంబాలు అన్నీ ఆ వారాల్లోనే కలుస్తాయి. లారీలకు గిరాకీ ఎక్కువ. ధరలు తెలుసుకుందామని ఒక వెబ్‌సైటులో నా ఫోను నంబరు ఇచ్చాను. గంటలో పంతొమ్మిది ఫోన్లు వచ్చాయి. ఒకరు 71,000 రూపాయలన్నారు, ఇంకొకరు 64,000, మరొకరు 46,000. ఇల్లు చూడకుండానే, బీరువాలు ఎన్నో అడగకుండానే ఫోనులో ధర చెప్పినవారే ఎక్కువ. ఇంటికి వచ్చి ప్రతి గదీ చూసి, కొలిచి, రాసుకుని వెళ్లింది ఒక్కరే. 71,000 చెప్పింది ఆయనే. ఆయనే నిజం చెప్పారని నాకు రెండు వారాల తర్వాత అర్థమైంది.

తక్కువ ధరకు ఆశపడ్డావని అన్నవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ముగ్గురూ ఒకేలాంటి పేర్లు, ఒకేలాంటి కరపత్రాలు, ఒకేలాంటి మాటలతో వచ్చినప్పుడు ఎవరు లారీ ఉన్నవారో, ఎవరు ఫోను మాత్రమే ఉన్నవారో ఇంటి ఇల్లాలు ఎలా పోల్చుకోవాలి? పోల్చుకునే గుర్తు ఒకటి ప్రభుత్వం ఇవ్వాలి. రోడ్డు మార్గ సరకు రవాణా చట్టం 2007లోనే వచ్చింది. 2011లో నియమాలతో సహా అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సరకు రవాణా వ్యాపారం చేసేవారు రవాణా ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరు చేసుకోవాలి. లారీ యజమాని ఒక్కరే కాదు, సామాను బుక్ చేసుకునే ఏజెంటు, బ్రోకరు కూడా దాని పరిధిలో ఉన్నారు. ఆ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పమని తర్వాత నేను ఆరు సంస్థలకు ఫోను చేశాను. నలుగురు జీఎస్టీ నంబరు చెప్పారు. ఒకరు లారీ నంబరు చెప్పారు. ఒకరు, అది ఎందుకమ్మా మీకు, అన్నారు.

సామాను ఎక్కించిన రోజు గురించి చెప్పాలి. ఉదయం ఎనిమిదికి వస్తామన్నవారు పదకొండున్నరకు వచ్చారు. నలుగురు కుర్రవాళ్లు. అందులో ఒకడు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చానన్నాడు. దేవుడి పటాలు సర్దేటప్పుడు బబుల్ కవరు అయిపోతే తన తువ్వాలు తీసి చుట్టాడు. ఢిల్లీలో పటాలు విప్పినప్పుడు ఆ తువ్వాలు అలాగే ఉంది. ఒక్క అద్దమూ చిట్లలేదు. పని చేసిన ఆ పిల్లల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదు ఆ తర్వాత వచ్చిన కాగితం మీద. నేను నా నోటు పుస్తకంలో ఒక్కో అట్టపెట్టెకూ అంకె వేసి రాసుకున్నాను. మొత్తం 63 శాల్తీలు, అంటే విడివిడి పెట్టెలు, వస్తువులు. రాత్రి తొమ్మిదిన్నరకు లారీ తలుపు మూశాక సూపర్‌వైజరు ఒక బిల్లు చేతిలో పెట్టాడు. అందులో సామాను వివరాలు రాయాల్సిన చోట, ఇంటి సామాను, ఒక లాటు, అని ఉంది. అంతే. ఉయ్యాల బల్ల లేదు, గొలుసులు లేవు, ఫ్రిజ్జు లేదు. 63 అనే అంకె లేదు. వస్తువుల స్థితి రాసే గడిలో మాత్రం, పాతవి, గీతలు ఉన్నవి, అని ముందే అచ్చు వేసి ఉంది. మా ఇంటికి రాకముందే మా వస్తువులకు గీతలు పడ్డాయన్నమాట. అడిగితే, అందరికీ ఇలాగే ఇస్తామమ్మా, సంతకం పెట్టండి, లారీ బయలుదేరాలి, అన్నాడు. పొద్దున్నుంచి తిండి లేక, ఖాళీ ఇంట్లో నిలబడి, మరునాటి రైలు గురించి ఆలోచిస్తూ నేను సంతకం పెట్టాను.

అయిదో రోజు కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. సామాను నాగపూర్ దగ్గర గోదాములో దించామనీ, వేరే లారీలోకి మార్చాలనీ, చెక్‌పోస్టు ఖర్చులు, ఈ-వే బిల్లు (సరకు తరలించడానికి జీఎస్టీ కింద తీసుకునే పత్రం), అదనపు బరువు కలిపి 27,000 పంపితేనే బండి కదులుతుందనీ చెప్పారు. అప్పటికే 46,000తో పాటు బీమా పేరుతో మరో 12,000 కట్టాం. ఢిల్లీలో చాపల మీద పడుకుంటున్నాం. పిల్లవాడి మార్కుల పత్రాలున్న పెట్టె కూడా ఆ లారీలోనే ఉంది. డబ్బు పంపాం. పదమూడో రోజు రాత్రి పదకొండు గంటలకు మరో బండిలో సామాను వచ్చింది. నా లెక్కలో 59 శాల్తీలు. నాలుగు రాలేదు. బిల్లు ప్రకారం ఒక లాటు పంపారు, ఒక లాటు అందింది.

ఆ 27,000కు చెప్పిన కారణాల్లో పెద్దది అబద్ధమని నాకు తర్వాత తెలిసింది. వాడిన ఇంటి సామానుకూ, వ్యక్తిగత వస్తువులకూ ఈ-వే బిల్లు అవసరం లేదు. జీఎస్టీ నియమాల్లోనే ఆ మినహాయింపు ఉంది. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్ర సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఈ రెండు ముక్కలు ఆ రోజు నాకు తెలిసి ఉంటే ఫోనులో అంత భయపడేదాన్ని కాదు. నాలాగే భయపడి డబ్బు పంపిన ఇళ్లు ఎన్నో ఉంటాయి. ఈ రెండు ముక్కలను మీరు తెలుగులో అచ్చు వేయించి ప్రతి ఆర్టీఓ కార్యాలయం గోడ మీద అంటించడానికి కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు.

ఉన్న చట్టం నిజానికి మంచిది. సరకు అప్పగించేటప్పుడు పంపేవారు వస్తువుల వివరం, విలువ రాసి ఇవ్వాలి. తీసుకునేవారు సరకు రసీదు మూడు ప్రతులు తయారుచేసి అసలు ప్రతిని పంపేవారికి ఇవ్వాలి. ఆ రసీదులో శాల్తీల సంఖ్య ఉంటే కోర్టులో అదే ప్రాథమిక సాక్ష్యం. ఒక లాటు అని రాయడం వెనక ఉన్న కిటుకంతా అక్కడే ఉంది. సంఖ్య లేని రసీదు రసీదు కాదు.

మరో సంగతి నేను వకీలు దగ్గర కూర్చుంటే గానీ తెలియలేదు. సామాను పోయినా పాడైనా రవాణా సంస్థ బాధ్యత, నియమాల ప్రకారం, కట్టిన లారీ కిరాయికి పది రెట్ల వరకే. మనం రాసిచ్చిన విలువను అది దాటకూడదు. ఎక్కువ విలువకు ఎక్కువ రేటు కట్టి ముందే రాయించుకుంటే వేరు. మా బిల్లులో 46,000ను ఎలా విడగొట్టారో చూడండి. ప్యాకింగు, ఎక్కించడం, దించడం, విప్పడం పేరుతో 30,000. లారీ కిరాయి 16,000. పది రెట్లంటే 1,60,000. మొత్తం 46,000నూ కిరాయిగా రాసి ఉంటే పది రెట్లు 4,60,000 అయ్యేది, మేం చెప్పిన సామాను విలువ 4,00,000 గనుక పరిమితి అంతవరకూ ఉండేది. ఇంటి సామాను విలువ ఒకటే, దారి ఒకటే, కట్టిన డబ్బు ఒకటే. బిల్లులో గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టి మా హక్కు సగం కన్నా తక్కువకు పడిపోయింది. ఇంటి సామాను తరలింపులో ప్యాకింగు, రవాణా ఒకే సేవగా అమ్ముతున్నారు కదా. పరిమితి లెక్కకు మొత్తం ధరనే తీసుకోవాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖకు మీరు రాయాలి.

ఇక ఆ బీమా. సామాను విలువ 4,00,000 అని మేం చెబితే అందులో మూడు శాతం, 12,000 వసూలు చేశారు. పాలసీ నంబరు అడిగితే రెండు వారాలు దాటవేసి, చివరకు అది మా సంస్థ రిస్కు చార్జీ అన్నారు. బీమా కంపెనీ పేరు లేదు, పాలసీ లేదు. బీమా అనే మాట వాడి డబ్బు తీసుకుని బీమా చేయకపోవడం దగా. బీమా కంపెనీ ఇచ్చిన పత్రం, ఇంటి యజమాని పేరు మీద, లారీ కదలకముందే చేతికి రాకపోతే ఆ పద్దు వసూలు చేయకూడదని వినియోగదారుల శాఖ వారు ఆదేశం ఇవ్వాలి. తప్పుడు ప్రకటనల మీద, అనుచిత వ్యాపార పద్ధతుల మీద చర్య తీసుకోవడానికి 2020 నుంచి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఉంది. ఒక్కొక్కరం ఒక్కో కేసు వేసుకునే బదులు ఆ సంస్థ ఒక్కసారి ఈ వ్యాపారం మొత్తాన్ని పరిశీలించవచ్చు.

మా చెల్లెలు అమెరికాలో డాలస్ నుంచి సియాటిల్‌కు ఇల్లు మారింది. నా కథ విని తనకు ఇచ్చిన పుస్తకం చూపించింది. అక్కడ రాష్ట్రాలు దాటి ఇంటి సామాను తరలించే సంస్థలు వినియోగదారు హక్కుల పుస్తకాన్ని ముందే ఇవ్వాలి. ప్రతి సంస్థకూ ప్రభుత్వం ఇచ్చిన నంబరు ఉంటుంది, ఆ నంబరు కొడితే వివరాలు ఎవరైనా చూడవచ్చు. మార్పుకు అవకాశం ఉన్న అంచనా ఇచ్చినప్పుడు, చెప్పిన ధర మీద పది శాతం అదనం వరకు చెల్లిస్తే సామాను ఇచ్చి తీరాలి. మిగతా లెక్క ఉంటే తర్వాత అడగాలి. మోసాలు అక్కడా ఉన్నాయని చెల్లెలే చెప్పింది. కానీ ఫోనులో బెదిరించేవాడికి ఎదురు చెప్పడానికి అక్కడి ఇల్లాలి చేతిలో ఒక పుస్తకం ఉంది. నా చేతిలో ఒక లాటు ఉంది.

ఢిల్లీకి వచ్చిన నాలుగు నెలలకు మా పెద్దమ్మ కొడుకు కుటుంబం విజయవాడ నుంచి పుణె మారింది. మా వదిన ఫోను చేసి, ఏం చేయాలో చెప్పు అంది. రోజూ అరగంట చొప్పున ఆరు వారాలు మాట్లాడుకున్నాం. ముగ్గురిని ఇంటికి పిలిచి గదులన్నీ చూపించి, ధర రాసివ్వమంది. రాసివ్వని ఇద్దరినీ వదిలేసింది. మూడో ఆయన చిన్న వ్యాపారి, రెండు లారీలున్నాయి, రిజిస్ట్రేషన్ కాగితం ఫోనులో పంపాడు. మరో ఇంటి సామానుతో కలిపి పంపితే ధర తగ్గుతుంది గానీ దారిలో సామాను దించి ఎక్కించాల్సి వస్తుందని ఆయనే చెప్పాడు. వదిన విడి లారీయే కావాలంది. ఆ లారీ నంబరు ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో కొట్టి ఫిట్‌నెస్, బీమా గడువు చూసుకుంది.

బంగారం, చదువు పత్రాలు, ఇంటి దస్తావేజులు, మందులు, పాలు పొంగించే గిన్నె తనతో రైల్లో పట్టుకెళ్లింది. గ్యాస్ సిలిండరు లారీలో పెట్టకుండా ఏజెన్సీకి అప్పగించి బదిలీ వోచరు తీసుకుంది. ఫ్రిజ్జు ముందు రోజే ఆపి, మంచు కరిగించి, తుడిచి ఆరబెట్టింది. ముందు తలుపున్న వాషింగ్ మెషీనుకు డ్రమ్ము కదలకుండా బిగించే బోల్టులు కొన్నప్పుడు ఇస్తారు. అవి అటక మీద దొరికాయి. ఆవకాయ జాడీల మూతుల కింద ప్లాస్టిక్ కాగితం పెట్టి, గుడ్డతో వాసెన కట్టి, ఒక్కో జాడీని బట్టల మధ్య నిలబెట్టింది. ప్రతి పెట్టె మీద అంకె, గది పేరు. ప్రతి వస్తువుకూ లారీ ఎక్కేముందు ఫొటో. చివరగా రసీదులో 48 శాల్తీలు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించి, డ్రైవరు చేత కూడా సంతకం పెట్టించింది. ధరలో నాలుగో వంతు సామాను దించాక ఇస్తానని ముందే ఒప్పుకుంది. నాలుగో రోజు 48 శాల్తీలూ దిగాయి. ఒక గుండ్రాయి పెట్టె అడుగు చీల్చుకుని బయటపడిందట, అంతే.

వదిన సామాను క్షేమంగా చేరినందుకు సంతోషించాను. కానీ ఈ జాగ్రత్తలు ఆమెకు చెప్పడానికి నేను నాలుగు శాల్తీలూ, 39,000 రూపాయలూ పోగొట్టుకోవాల్సి వచ్చింది. ఇది బంధువుల ద్వారా చేరాల్సిన విద్య కాదు. మీ శాఖ ముద్రతో, తెలుగులో, ఒక్క కాగితానికి రెండు వైపులా సరిపోయే విషయం.

కాబట్టి నేను అడిగేవి ఇవి. రిజిస్టరైన రవాణా సంస్థల జాబితా జిల్లాలవారీగా తెలుగులో అందరికీ కనిపించాలి. ఆ సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు ప్రతి కొటేషను మీద, బోర్డు మీద, వెబ్‌సైటుల్లోని ప్రతి ప్రకటన మీద ఉండాలి. పైన చెప్పిన జాగ్రత్తల కాగితం ధర చెప్పే రోజునే ఇంటివారి చేతికి రావాలి. మీ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లు రహదారి మీద లారీ ఆపినప్పుడు అధిక బరువు, పర్మిట్ చూస్తారు కదా, ఇంటి సామాను ఉంటే సరకు రసీదు కూడా అడగాలి, అందులో శాల్తీల సంఖ్య ఉందో లేదో చూడాలి. ఇదొక్కటి నెల రోజులు గట్టిగా జరిగితే చాలు, ఒక లాటు అని రాసే అలవాటు పోతుంది. దారిలో సామాను ఆపి డబ్బు అడిగితే ఆ క్షణంలో ఫోను చేయడానికి, తెలుగులో మాట్లాడే మనిషి ఉన్న ఒక నంబరు కావాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 ఉంది, మంచిదే. కానీ లారీ కదలకుండా నిలబడిన రాత్రికి ఆ దారిలో ఉన్న రవాణా అధికారి సాయం కావాలి.

ఇది నిజాయతీగా వ్యాపారం చేసేవారి కోసం కూడా అడుగుతున్నాను. ఇల్లు చూసి 71,000 చెప్పిన ఆయనకు మా పని పోయింది. చెప్పిన ధరకు కట్టుబడేవారు ఇలా బేరాలు పోగొట్టుకుంటూ ఉంటే, వారూ ఏదో ఒకనాడు ఫోనులో 46,000 చెప్పడం మొదలుపెడతారు.

మా విషయం ఢిల్లీలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉంది. ఫిర్యాదుదారు ఉంటున్న ఊళ్లోనే వేయవచ్చని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వెసులుబాటు ఇచ్చింది. చెల్లించింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. సరకు రవాణా చట్టం ప్రకారం బుకింగ్ నాటి నుంచి 180 రోజుల్లోగా రవాణా సంస్థకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలన్న నిబంధన వకీలు చెప్పకపోతే ఆ గడువూ దాటిపోయేదే. విచారణ నడుస్తోంది గనుక సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. మా బిల్లు, ఫోను సంభాషణల తేదీలు, నా నోటు పుస్తకంలోని 63 అంకెల జాబితా నకళ్లు మూడు శాఖలకూ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. వచ్చే మే నెల బదిలీలు మొదలయ్యే లోపు ఆ ఒక్క కాగితమైనా అచ్చు వేయించండి. తెలుగులో రాసిపెట్టడానికి మనిషి కావాలంటే నన్ను పిలవండి, వస్తాను.

ఇట్లు,
ఢిల్లీలో ఉంటున్న ఒక తెలుగు గృహిణి